ఐదో పికప్

"ఇది కూడా కాదు," అన్నాడు ముసలి హోసియా గిటారును బల్ల మీద పెడుతూ.

డెల్‌రాయ్‌కి తల ప్రాణం తోకకొచ్చింది. పొద్దున్నుంచి ఇది నాలుగో పికప్. తీగల కింద ఉండే ఆ అయస్కాంతం ముక్కను విప్పడం, ఇంకోటి బిగించడం, వైర్లు అతకడం, మళ్లీ తీగలన్నీ లాగి శ్రుతి చేయడం. ఒక్కోదానికి ముప్పావు గంట పట్టింది. నాలుగుసార్లూ ముసలాయన చేసింది ఒకటే. డెల్‌రాయ్‌ని అతని రిపేరు షాపులోంచే బయటికి పొమ్మని, తలుపేసుకుని, ఒక్కసారంటే ఒక్కసారి తీగలు మీటి, కాసేపాగి, "కాదు" అనడం.

"పాట వాయించకుండా ఎలా తెలుస్తుంది బాబాయ్? కనీసం ఒక్క చరణం వాయించి చావొచ్చుగా."

"అక్కర్లేదు. తెలిసిపోతుంది."

"ఏం తెలుస్తుంది నా మొహం! అరవై ఏళ్ల కిందట అయస్కాంతానికి రాగితీగ ఎన్ని చుట్లు చుట్టేవాళ్లో లెక్కపెట్టి అన్నే చుట్టాను. పాత బ్లూస్ పాటల మోత కావాలని మెంఫిస్ నుంచి వచ్చి నా దగ్గర పట్టుకెళ్తున్నారు."

"వాళ్ల సంగతి వేరు. నా మోత నాక్కావాలి. నువ్వే పోగొట్టావు, నువ్వే తెచ్చివ్వు."

ఆ మాటే డెల్‌రాయ్‌కి గుచ్చుకుంది. కిందటి నెల గిటారు తెచ్చింది ఆయన భార్య ఇడెల్లా. శనివారాలు క్లబ్బులో ఆయన వాయిస్తే పాడేది ఆవిడే. "ఇది మధ్యమధ్యలో కీచుమంటోంది నాయనా, నా పాట పాడైపోతోంది, ఎలాగైనా ఆపు," అంది. డెల్‌రాయ్ పికప్ విప్పి, కరిగించిన మైనంలో ముంచి, ఆరబెట్టి బిగించాడు. కీచు ఆగింది. దాంతోపాటు హోసియా కూడా ఆగిపోయాడు. మోత పోయిందంటూ మూడు శనివారాలుగా క్లబ్బు గడప తొక్కలేదు. ఆయన కుర్చీలో గ్రీన్‌విల్ నుంచి వచ్చినవాడెవడో కూర్చుంటున్నాడు. ఇవాళ సాయంత్రం కూడా రాకపోతే కుర్చీ ఇక వాడిదేనని క్లబ్బు యజమాని కబురంపాడు.

"కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందిరా," అన్నాడు హోసియా.

"కీచుమంటే ఎవరైనా మైనంలోనే ముంచుతారు బాబాయ్. నేను చేసిన తప్పేంటి?"

"ముంచమని నేనడిగానా?"

"పిన్ని అడిగింది."

"గిటారు ఎవరిది?"

డెల్‌రాయ్‌కి ఒళ్లు మండింది. సొరుగును చివరిదాకా లాగి, అడుగున పడున్న తుప్పు రంగు పికప్ ఒకటి తీశాడు.

"ఇదిగో, ఇంక నా దగ్గరున్నది ఇదొక్కటే. మైనం మొహం చూడనిది. బల్ల తడితే కీచుమంటుంది, తుమ్మితే కీచుమంటుంది. ఇన్నాళ్లూ సిగ్గేసి ఎవరికీ చూపించలేదు. ఇదీ కాదన్నావో, ఆ గిటారుతో పొయ్యి వెలిగించుకో."

"బిగించు ముందు."

బిగించాడు. కోపంలో వైర్లు అతికే వేడి కడ్డీకి వేలు కూడా కాల్చుకున్నాడు.

"ఇక బయటికి పో," అన్నాడు హోసియా.

డెల్‌రాయ్ వరండాలో నిలబడి, పొద్దున సగం తిని వదిలేసిన తమాలె పొట్లం విప్పాడు. మొక్కజొన్న పిండీ మాంసమూ చల్లారి గడ్డకట్టాయి. లోపల తీగలు ఒక్కసారి మోగాయి. ఆ వెంటనే చెవులు చిల్లులు పడేలా కీచు. అయిపోయింది, ముసలాయన ఇక వాయించడు, పాపం నా నెత్తినే అనుకుంటూ తలుపు మీద చెయ్యి వేశాడు.

అప్పుడు గిటారుకు తగిలించిన స్పీకరులోంచి ఒక గొంతు వచ్చింది. పాత ఫోనులో మాట్లాడినట్టు సన్నగా, స్పష్టంగా.

"అబద్ధం ఇడెల్లా. ఆ వానరోజు నేను మా అన్న ఇంట్లోనే ఉన్నాను. కావాలంటే వాణ్ణే అడుగు."

డెల్‌రాయ్ తలుపు తోశాడు. హోసియా గిటారును గెడ్డం దాకా ఎత్తిపట్టుకుని, తీగలకు నోరు ఆనించి ఉన్నాడు. మైనం తగలని పికప్ తీగల మోతతో పాటు దగ్గర్లోని మాటను కూడా పట్టేస్తుందని డెల్‌రాయ్‌కి తెలుసు. పని నేర్చుకున్న రోజు నుంచీ దాన్ని లోపమనే అనుకుంటున్నాడు.

"ఇందుకా బాబాయ్ పొద్దున్నుంచి నా ప్రాణం తీశావు? మాట్లాడాలంటే ఒక మైకు పెట్టించుకోవచ్చుగా."

"నలభై ఏళ్లుగా మా బ్యాండుకి మైకు ఒక్కటే. అది ఆవిడ చేతిలో ఉంటుంది. నేను చేసినవీ చేయనివీ కలిపి ప్రతి శనివారం ఊరందరికీ పాడి వినిపిస్తుంది." హోసియా గిటారును భద్రంగా పెట్టెలో పడుకోబెట్టి, టోపీ పెట్టుకున్నాడు. పొద్దున్నుంచి ఇప్పుడే ఆయన నవ్వడం. "కీచుమంటోందని చెప్పిందా నీతో? కీచు కాదురా నాయనా. అది నేను."