పిజ్జా హోటల్లో పెళ్లిచూపులు

పెళ్లిచూపులు పిజ్జా హోటల్లో పెట్టమంది నీలవేణి.

"ఇంట్లో వద్దు, గుళ్లో వద్దు. రెండువైపుల వాళ్లూ ఇంతవరకు అడుగుపెట్టని చోటు కావాలి," అంది. ఆ షరతుకు విజయనగరంలో నిలబడింది అదొక్కటే. మూడు లాంతర్ల కూడలి దాటాక, ఒక బట్టల కొట్టు మేడ మీద కొత్తగా తెరిచారు. లోపల కట్టెల పొయ్యి, గోడ మీద ఎర్ర ఇటుకల బొమ్మ.

ఉపేంద్ర తల్లిని వెంటబెట్టుకుని ఎచ్చెర్ల నుంచి అరగంట ముందే వచ్చి కూర్చున్నాడు. యూనివర్సిటీ లైబ్రరీలో ఉద్యోగం. రోజుకు వందమందికి పుస్తకాలు అందించే చేతులు మెనూ కార్డును తలకిందులుగా పట్టుకున్నాయి. ఈ అమ్మాయి కాదంటే ఇంకెవరినీ చూడనని ఇంట్లో చెప్పేశాడు. చెప్పడం తేలికే. కాదనిపించుకోవడానికి మనసును ఎలా సిద్ధం చేసుకోవాలో మాత్రం ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

నెల్లిమర్లలో టీచరు నీలవేణి. తండ్రి అప్పలసూరితో వచ్చింది. పట్టుచీర కాదు, బడికి కట్టుకెళ్లే చీరే. పెద్దవాళ్లిద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టింది. ఉపేంద్రను కిటికీ పక్క బల్లకు రమ్మంది.

పెద్దవాళ్ల మధ్య మాటలు పుట్టడం లేదు. చివరికి ఉపేంద్ర తల్లి కమలాదేవి తన ముందు పెట్టిన పిజ్జా పళ్లెంలోకి వంగి చూసింది.

"అన్నయ్యగారూ, ఇది తులసాకు కాదేటి? తులసాకు మీద జున్ను పోసి కాల్సీసినారు. పాపం కాదేటి?"

"తులసి కాదు సెల్లెమ్మా, ఆల దేశం ఆకేదో. నా పళ్లెంలో ఈ పాస్తా గొట్టాలు సూడు, లోపల ఏటీ నేదు, ఉత్త గాలి. తినీ. పిల్లలకేసి సూడకు."

ఇద్దరూ పిల్లలకేసే చూస్తున్నారు.

అక్కడ నీలవేణి ప్రశ్నలు మొదలుపెట్టింది.

"వంట వచ్చా?"

"అన్నం, పప్పు, గుడ్ల పులుసు. ఈమధ్యే నేర్చుకున్నానండి."

"పాట?"

"రాదండి."

"ఒకసారి అలా నడవండి."

"ఏటీ?"

"నడక చూడాలి కదా. ఆ కౌంటరు దాకా వెళ్లి మిరపగింజల పొట్లం పట్టుకురండి."

ఉపేంద్ర లేచాడు. చూసే కళ్లుంటే కాళ్లు కూడా నటించబోతాయని అతనికి అప్పుడే తెలిసింది. దర్జాగా వేసిన నాలుగో అడుగు కుర్చీకి తగిలింది. వెనక చిన్న నవ్వు వినిపించింది. ఆ నవ్వు కోసం ఇంకో పది కుర్చీలకు తగలొచ్చనిపించింది.

"అదేటి, మావోడిని నడిపిస్తన్నాది!" అంది కమలాదేవి.

"మనమూ ఆడపిల్లల్ని నడిపించినోలమే కదా సెల్లెమ్మా. నడవనీ."

ఉపేంద్ర పొట్లం తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"కోపం వస్తుందా?" అడిగింది నీలవేణి.

"వస్తుందండి."

"వస్తే?"

"చెప్పులేసుకుని బయటికి పోయేవాణ్ణి. మూడేసి రోజులు మాట్లాడేవాణ్ణి కాదు."

"ఇప్పుడు?"

మంచి జవాబొకటి నోటిదాకా వచ్చింది. ఆమెకు నచ్చే జవాబే. అందుకే దాన్ని మింగేశాడు.

"ఇప్పుడూ పోవాలనే ఉంటుందండి. చెప్పుల దాకా వెళ్లి ఆగుతున్నాను."

నీలవేణి మిరపగింజల పొట్లం తన వైపు జరుపుకుంది.

"మీరేమైనా అడుగుతారా?"

"ఒకటే. నేను మాట్లాడకుండా కూర్చుంటే మీరేం చేస్తారు?"

"నేనూ మాట్లాడను. మీకంటే ఒకరోజు ఎక్కువే. నా చెడ్డగుణం అదే, తెలిసే చేసుకోవాలి మరి."

వాళ్ల బల్లకూ పిజ్జా వచ్చింది. ఇద్దరికీ కలిపి ఒకటే పళ్లెం. నీలవేణి ఒక ముక్క తీసి, దాని మీది కాప్సికం అంతా ఏరేసి, అతని వైపు జరిపింది. అతను అడగలేదు. ఏరిన కాప్సికం తను తినేసింది.

కమలాదేవి అది చూసి తల తిప్పుకుంది.

తినడం అయ్యాక అప్పలసూరి లేచి వచ్చాడు. గొంతు సవరించుకున్నాడు.

"మరి ఎల్దుమా? ఏ సంగతీ ఇంటికెళ్లి ఆలోసించుకుని కబురు సేద్దుం. ఇప్పుడు తొందరేటి నేదు."

ఉపేంద్ర లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. కబురు చేస్తామన్న మాటకు పెళ్లిచూపుల్లో ఎక్కువసార్లు ఏం అర్థమో అందరికీ తెలుసు.

"కబురెందుకు నాన్నా? ఇక్కడే చెప్పేస్తాను," అంది నీలవేణి. "నాకిష్టమే."

మూడేళ్ల కిందట కోర్టులో, ఇదే ఉపేంద్రతో విడాకుల కాయితం మీద సంతకం పెట్టినప్పుడు కూడా ఆమె ఇంతే తొందరపడింది.