బకెట్ నీళ్లలో మొహం

ఇప్పుడు చేతికి పట్టీ లేకుండా పిల్లలెవరూ పుస్తకం తెరవరు. భయంతో గుండె వేగం పెరిగిందంటే చాలు, పట్టీ ఎర్రగా వెలిగి అరుస్తుంది, పుస్తకంలో అక్షరాలు మాయమైపోతాయి. టీనేజీ పిల్లల కోసం దెయ్యాల నవలలు రాసే వకుళకి దీంతో పెద్ద చావొచ్చిపడింది. ఆమె రాసిన పదకొండు నవలల్లో ఒక్కదాని ముగింపు కూడా ఏ పిల్లా చదవలేదు.

పన్నెండోది మనవరాలు మేఖలకిచ్చి, ఎదురుగా కూర్చుని గోరుచిక్కుళ్లు తుంచసాగింది. ఇందులో అరుపుల్లేవు, శ్మశానాల్లేవు. హాస్టల్లో ఒకమ్మాయి రోజూ స్నానానికి వెళ్తుంది. ఆమె నవ్వితే, బకెట్ నీళ్లలో కనిపించే ఆమె మొహం ఒక్క క్షణం ఆలస్యంగా నవ్వుతుంది. అంతే.

పట్టీ చివరి పేజీ దాకా ఆకుపచ్చగానే ఉంది.

"బానే ఉంది అమ్మమ్మా. భయమేం వెయ్యలేదు," అని మేఖల పుస్తకం అలమరలో పెట్టేసి, తువ్వాలు తీసుకుని స్నానానికి వెళ్లింది. వకుళ తుంచబోయిన గోరుచిక్కుడుని అలాగే గిన్నెలో పడేసింది.

రెండు నిమిషాల్లో పిల్ల పొడి ఒంటితోనే తిరిగొచ్చింది.

"అమ్మమ్మా, కాస్త బాత్రూమ్ తలుపు దగ్గర నిలబడవా?"

"పట్టపగలు పదకొండింటికి నీకేం భయమే?"

"బకెట్‌లోకి చూడకుండా నీళ్లెలా ముంచుకోను?"

పట్టీ ఎర్రగా వెలిగి, "పుస్తకం ఆపేస్తున్నాం, పుస్తకం ఆపేస్తున్నాం" అని గోల మొదలెట్టింది.

"దాన్ని అరవనియ్యవే," అంది వకుళ, కొంగు నడుముకి దోపుకుని లేస్తూ. "నువ్వు ఆఖరిదాకా చదివేశావు!"