అల్లుడు ముట్టని చట్నీ

"అన్నీ చేస్తడు వదినా, కాదనను. గాని ఎనిమిదేండ్ల సంది నా చేతి పల్లీ చట్నీ మాత్రం ముట్టడు," అంది సాలమ్మ, మిక్సీ మూత గట్టిగా నొక్కిపెట్టి.

పక్కింటి రాములమ్మ ఈ మాట వినడం వందోసారి. అయినా కొత్తగా విన్నట్టే తలూపింది.

నాచారంలో సాలమ్మ పల్లీ చట్నీకి పేరుంది. చుట్టాలు గిన్నెలు తెచ్చుకుని మరీ పట్టుకెళ్తారు. అల్లుడు విక్రమ్ మాత్రం పోచారం ఆఫీసుకు పోతూ ఇక్కడ టిఫినుకు ఆగినప్పుడల్లా ఇడ్లీని కారప్పొడిలో అద్దుకుంటాడు.

"నాకు పల్లీలు పడయి అత్తమ్మా, ఒళ్లంత దద్దుర్లొస్తయ్," అంటాడు.

అవన్నీ నఖరాలని సాలమ్మ తీర్మానం. నిరుడు ఆసుపత్రిలో ఓ నర్సు "మీకు పడనివి ఏమైనా ఉన్నాయా?" అని విక్రమ్‌ను అడిగింది. అతను నోరు తెరిచేలోపే సాలమ్మ అందుకుంది.

"ఏం లేవు సిస్టరమ్మా, నఖరాలు తప్ప."

విక్రమ్ నవ్వి ఊరుకున్నాడు. అత్తల దగ్గర కొందరు అల్లుళ్లకు తెలిసిన తెలివి అదొక్కటే.

ఇవాళ చట్నీ మాత్రం సాలమ్మ తన భర్త రామస్వామి కోసం చేసింది. ఆయనకు కాలేయం మార్చి ఏడాదైంది. వచ్చిన కాలేయాన్ని ఒళ్లు పరాయిదని వెళ్లగొట్టకుండా రోజూ గోళీలు మింగుతున్నాడు. ఏడాదంతా చప్పిడి తిండి. మొన్ననే డాక్టర్ చంద్రిక గోళీలు కొంచెం తగ్గించి, ఇక అన్నీ తినొచ్చంది.

రామస్వామి ఆశగా ఇడ్లీని చట్నీలో ముంచాడు. నాలుగు ముక్కలు తిన్నాడు. ఐదో ముక్కకు పెదవులు ఉబ్బాయి. మెడ మీద దద్దుర్లు లేచాయి.

గోళీలు తగ్గించారు, ఒళ్లు కాలేయాన్ని కాదంటోంది. ఇంకేముంది, అంతా అయిపోయిందనుకుంది సాలమ్మ.

టిఫినుకు ఆగిన విక్రమ్ కారు తీశాడు. ఉప్పల్ ట్రాఫిక్‌లో ఆమె భర్త చెయ్యి వదల్లేదు.

"అత్తమ్మా, గది పల్లీలతోని..." అన్నాడు విక్రమ్.

"గీ టైంల గూడ నా చట్నీ మీదనే పడ్డవా? జర సక్కగ నడుపు బిడ్డా."

ఆసుపత్రిలో ఇంజెక్షన్ ఇచ్చారు. రక్తం తీశారు. రెండు గంటల తర్వాత చంద్రిక నవ్వుతూ వచ్చింది.

"కాలేయానికి ఏమీ కాలేదమ్మా. ఒళ్లు దాన్ని బాగా ఒప్పుకుంది. ఇది పల్లీల అలర్జీ."

"ఈయనకా? పుట్టినకాడికెల్లి పల్లీలు తిన్న మనిషికి ఇయ్యాల అలర్జీ ఏంది మేడం?"

"కాలేయం ఇచ్చిన మనిషికి పల్లీలు పడకపోతే, ఒక్కోసారి దాంతోపాటు ఆ అలర్జీ కూడా వచ్చేస్తుంది."



సాలమ్మ మెల్లగా తల తిప్పి, ఏడాది కిందట తన కాలేయంలో సగం కోయించుకుని మామకిచ్చిన అల్లుడి వైపు చూసింది.