చెకుముకి అక్షరాలు

"సాయంత్రం అయిదింటిలోగా ఏదో ఒకటి తేల్చి చెప్పమన్నాడు తమ్ముడు" అంది మా ఆవిడ.

తేల్చాల్సింది నా ఉద్యోగం సంగతి. మా బావమరిది తన ఆఫీసులో నాకో కుర్చీ చూసిపెట్టాడు. నేనేమో రెండేళ్లుగా ఇంట్లో కూర్చుని ఒకే ఒక్క ఫాంటు చెక్కుతున్నాను. పేరు చెకుముకి. లావుగా, ఒళ్లంతా కోణాలతో, ఏ అక్షరానికా అక్షరం తైతక్కలాడుతున్నట్టు ఉంటుంది. గుండ్రటి గీత ఒక్కటీ లేకుండా అక్షరమాల మొత్తం గీసేశాను. గీయమని నన్నెవరూ బతిమాలలేదు.

ఇప్పటికి దాన్ని కొన్నది ఒక్కడే. ఎవరో దుకాణదారు. ఆన్‌లైన్‌లో కొంటూ చిరునామా ఇచ్చాడు, అంతే.

"ఆ ఒక్కడూ బాగుందన్నాడంటే, నేనే తమ్ముడికి ఫోన్ చేసి వద్దనేస్తా. లేదంటే రేపట్నుంచి ఇస్త్రీ చొక్కా వేసుకుని బుద్ధిగా ఆఫీసుకెళ్లండి."

ఆ చిరునామా పట్టుకుని వెళ్లాను. రోడ్డుకి ఇవతల నిలబడి తలెత్తి చూశాను. షాపు బోర్డు మీద మనిషెత్తున నా అక్షరాలు!

నాలాంటి వాళ్లకో జబ్బుంది. మేం అక్షరాల్ని చూస్తాం, చదవం. ఈ కొమ్ము ఇంకాస్త పొడుచుకురావాల్సింది, ఆ ఒత్తు భలే కుదిరింది అనుకుంటూ పావుగంట ఒళ్లు మరిచి నిలబడ్డాను.

చూస్తున్నది నేనొక్కణ్నే కాదు. దారినపోయేవాళ్లు టక్కున ఆగిపోతున్నారు. ఒకావిడ తల పక్కకి వాల్చి మరీ చూసింది. ఓ పెద్దాయన రెండడుగులు వెనక్కి వేసి, నాలుగడుగులు ముందుకు వేసి, చివరికి కళ్లు తుడుచుకున్నాడు. కళ అంటే ఇదీ అనుకున్నాను. సిగ్గులేకుండా నేనూ తుడుచుకున్నాను.

లోపల నిలబడే చోటు లేదు. కబురంపితే యజమాని మెట్ల మీదికే వచ్చాడు. నేనెవరో చెప్పగానే నా రెండు చేతులూ పట్టేసుకున్నాడు.

"మీరేనా సార్! పాత బోర్డు వైపు ఒక్కడూ తలెత్తేవాడు కాదు. మీ అక్షరాలు పెట్టాక ఆగుతున్నారు. కాసేపు చూస్తారు, ఇంకాస్త దగ్గరికొస్తారు, ఆఖరికి లోపలికే వచ్చేస్తారు."

"అంటే... బాగున్నాయంటారా?" నా గొంతు నాకే జాలిగా వినిపించింది.

"భలేవారే! పక్క వీధిలో ఇంకో షాపు తెరుస్తున్నా. దానికి ఇంతకన్నా ఎక్కువ కోణాలున్నవి చేసిపెట్టాలి మీరు."

ఆ మెట్ల మీంచే ఇంటికి ఫోన్ చేశాను. "వద్దని చెప్పెయ్!" అన్నాను రాజ్యం గెలిచినవాడిలా.

మా ఆవిడ మాట మీద నిలబడే మనిషి. అయిదు నిమిషాల్లో ఆ కుర్చీ ఇంకెవరికో వెళ్లిపోయింది. "మీ మీద నాకే నమ్మకం లేకపోయిందండీ" అంటూ ముక్కు ఎగబీల్చింది కూడా. నా జన్మ ధన్యమైపోయింది.

ఆవిడకి చూపిద్దామని మళ్లీ రోడ్డు దాటి, ఫోటో తీయబోతూ, నా అక్షరాల్ని మొట్టమొదటిసారి కూడబలుక్కుని చదివాను: "కంటి పరీక్ష ఉచితం, గంటలో కళ్లజోడు."