ఒక్క గింజ మెజారిటీ

"నోరు తెరువురా బుధూ!"

గంగ ఏడాది కొడుకు నోట్లో వేలు పెట్టి వెతికింది. నాలుక కిందా లేదు. ఓట్ల వరసలో నిలబడ్డప్పుడు పళ్లెంలోంచి వాడు తీసుకున్న ఎర్రటి రాజ్మా గింజ, ఇంటికొచ్చేసరికి గుప్పిట్లో లేదు.

"మింగేసినట్టున్నాడు," అంది ఏడుపు గొంతుతో.

మొగుడు ధర్మతేజ వినిపించుకోలేదు. "గెలిసేసాం! పంచాయితీ నుంచి మనూరు ఇడిపోతంది. రాజ్మా నలభై రెండు, కాఫీ నలభై ఒకటి!"

విడిపోదామనేవాళ్లు రాజ్మా గింజ, ఉండిపోదామనేవాళ్లు కాఫీ గింజ కుండలో వెయ్యాలని పెద్దల తీర్పు. గంగ కాఫీయే వేసింది. విడిపోతే పాత పంచాయతీ నర్సు భానుశ్రీ ఇక వారం వారం కొండెక్కి రాదని ఆమె భయం.

మర్నాటికి పార్టీలు నిలువునా చీలాయి. ఒకే పార్టీ కండువా కప్పుకున్నవాళ్లలో సర్పంచి ఉండిపోదామంటే, వార్డు మెంబరు విడిపోదామన్నాడు. ఎదుటి పార్టీలోనూ అదే రభస. ఇంట్లో ఉండిపోదామనే అత్త సోములమ్మ, కొడుకు మీద కోపంతో వేరే పొయ్యి పెట్టింది.

"మల్లీ గింజలెయ్యాల," అంది సోములమ్మ. "మావోడే ఎవడో సివర్లో మారిపోనాడు."

ధర్మతేజ ఎగిరిపడ్డాడు. "ఒకసారి ఏస్తే సాలదేటి? నువ్వు గెలిసీదాకా ఎయ్యాలా?"

"మీ గోల తగలెయ్య!" గంగ అరిచింది. "గుంటడి కడుపులో గింజుంది. ఒక్కరికైనా పట్టిందేటి?"

భానుశ్రీ వచ్చి పొట్ట నొక్కి చూసింది. "రెండ్రోజుల్లో దొడ్డికి వచ్చేత్తదిలే. సూసుకో."

గంగ వారం రోజులు ప్రతి గుడ్డా పుల్లతో కెలికి చూసింది. రాలేదు. మళ్లీ కబురు పెట్టింది.

"నీకే జబ్బు. గుంటడు గుండ్రాయిలాగున్నాడు!" విసుక్కుంది నర్సు.

పదిహేను రోజులు కొట్టుకున్నాక మళ్లీ కుండ పెట్టారు. కాపలా ఉండాల్సిన పెద్దలు అవతల కండువాలు పట్టుకుని లాక్కుంటున్నారు.

"బేగి ఎయ్యే," వెనకనుంచి సోములమ్మ తోసింది.

గంగ చంకలో బుధు. ఈసారి వాడి రెండు చేతులూ గట్టిగా పట్టుకునే నడిచింది. కాఫీ గింజ తియ్యడానికి ఒక్క క్షణం వదిలింది. గింజ కుండలో వేసింది. టక్.

ఆ వెంటనే ఇంకో టక్.

బుధు కుండ మీద ఖాళీ గుప్పిట విప్పి, ఆ చప్పుడుకి కిలకిలా నవ్వుతున్నాడు.

పోయినసారి గింజ వాడు మింగనే లేదు.