వెండెలిన్ పక్క చోటు

కిటికీ దగ్గర వెండెలిన్ పక్క చోటు తనదేనంది అఫ్రా. తన కంఠంలో ప్రాణం ఉండగా ఆ పని జరగనివ్వనంది వాల్బుర్గా.

ఇద్దరి మధ్యా ఫాదర్ కాసియన్ టేపు పట్టుకుని నిలబడ్డాడు.

తప్పంతా గంటల గోపురానిది. మా చర్చిని కొండరాతి మీద కట్టారు. చుట్టూ అంగుళం ఖాళీ లేదు. అందుకే పూర్వం వాళ్ళు ఏం కావాలన్నా పైకి లేపారు, లేదా కిందికి తొలిచారు. పైన ఉల్లిగడ్డలాంటి గోపురం లేపారు. కింద రాతిలో చిన్న గది తొలిచారు. ఈ మధ్య గోపురం లోయవైపు ఒరుగుతోందని తేలింది. దానికి దన్నుగా కింది గదిలో ఓ లావుపాటి స్తంభం కట్టాల్సి వచ్చింది. అది అక్కడి చోట్ల వరసలో సగాన్ని మింగేసింది.

ఇప్పుడు కొత్త బల్ల మీద, కిటికీ దగ్గర ఎప్పటిలాగే వెండెలిన్. అతని తర్వాత రెండే ఖాళీలు. రెండోది స్తంభం వైపు, చెమ్మలో. అది ఇద్దరికీ వద్దు.

పైన చర్చిలో ఆడవాళ్ళు ఎడమవైపు, మగవాళ్ళు కుడివైపు. కింది గదిలో ఆ పట్టింపు లేదు. అందుకే ఇద్దరికీ ఆ గది మీద అంత ఆశ.

"కోతల పండగ డాన్సుల్లో మొదటి ఆట నాతోనే ఆడాడు," అంది అఫ్రా.

"మొదటిది మొహమాటానికి ఆడతారే. ఆఖరాట నాతో ఆడాడు."

"అప్పటికి తాగున్నాడు."

వెండెలిన్ చివరికి ఇద్దర్లో ఎవర్నీ పెళ్ళాడలేదు. ఆ పంతంలో వీళ్ళూ ఇంకెవర్నీ చేసుకోలేదు. ఎదురెదురు ఇళ్ళు. జున్నుముక్క దగ్గర్నుంచి కట్టెపుల్ల దాకా ఇచ్చిపుచ్చుకుంటారు. ఈ ఒక్క విషయంలో మాత్రం తగ్గరు.

ఫాదర్ చీట్లు వేద్దామన్నాడు. అఫ్రా ఒప్పుకోలేదు. పోనీ, ఏడాదికొకరు మారమన్నాడు. వాల్బుర్గా అతన్ని ఎగాదిగా చూసింది.

"అయితే వెండెలిన్‌నే అడుగుదామా?" అన్నాడు విసుగొచ్చి.

"ఒక్క మాట తేల్చి చెప్పే మనిషే అయితే మా బతుకులు ఇలా ఉండేవా ఫాదర్?" అంది వాల్బుర్గా.

ముగ్గురూ అతని వైపు చూశారు. వెండెలిన్ పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు.

"చూశావుటే," అంది అఫ్రా. "అప్పుడూ ఇంతే."

వాల్బుర్గా తలూపింది. ఆ ఉదయం ఇద్దరికీ కుదిరిన మొదటి మాట అది.

ఫాదర్ మూడు చోట్లనూ మళ్ళీ కొలిచాడు. వెండెలిన్‌ని కాస్త ఇవతలికి జరిపితే సరిపోతుందన్నాడు. కానీ ఆ గదిలో ఒకసారి చోటు దొరికినవాణ్ణి కదపకూడదన్నది తాతల నాటి పట్టు.

"కోపం వస్తుందేమో," అంది అఫ్రా నెమ్మదిగా.

"రానీ. ఒక్కసారైనా మనకోసం కదలనీ," అంది వాల్బుర్గా.

ఫాదర్ టేపు జేబులో పెట్టుకుని, చేతులు తుడుచుకుని, మా ఊరి ఆచారం ప్రకారం సమాధిలోంచి తీసి నుదుటి మీద పేరూ నీలిపూల దండా రంగుల్లో వేసిన వెండెలిన్ పుర్రెను రెండు చేతులా ఎత్తి మధ్య చోట్లో పెట్టి, మీరిద్దరూ పోయాక మీ పుర్రెల్ని చెరోవైపు పెట్టిస్తాలెండి అన్నాడు.