ఇంటి మీదే కన్ను

"సముద్రం ఎదురుగా ఉన్న చోటు వదిలేసి చెత్తకుండీల పక్కకి మారతారా? మీకేమైనా పిచ్చా?"

గ్వెన్ నోరెళ్లబెట్టింది. వేల్స్ తీరాన, కార్లకి తగిలించుకొచ్చిన కారవాన్లు, అంటే చక్రాల మీది చిన్న ఇళ్లు, నిలుపుకునే ఆ పొలం ఆవిడదే.

"నెట్ ఎక్కడ అందుతుందో అక్కడ కావాలి నాకు," అన్నాడు ట్రెవర్.

"ఈ ఆఫీసు గది నుంచి చెత్తకుండీల దాకా అందుతుంది. ఆ పైన అందదు. రోజుకి ఐదు పౌండ్లు. చీటీ మీద నంబరుంటుంది, కొట్టుకోండి."

"ఇవ్వు మరి."

దారిలో టీకొట్టు దగ్గర కేకు ముక్క ధర చూసి మొహం మాడ్చుకున్న మనిషి, ఇప్పుడు మారుమాట లేకుండా డబ్బు తీసిచ్చాడు. వెనకాల నిలబడ్డ భార్య నోరీన్‌కి ఒళ్లు మండింది.

"ఆ చోటు కోసం జనవరిలోనే ఫోన్ చేసి పట్టుకున్నాను ట్రెవర్. కిటికీ తీస్తే సముద్రం కనబడాలని."

"సముద్రం ఎక్కడికీ పారిపోదులే. నడిచెళ్లి చూద్దాం."

చూద్దామన్న పెద్దమనిషి తర్వాత చూసిందేమిటయ్యా అంటే, వాళ్లిల్లు. వుల్వర్‌హాంప్టన్‌లో తాళం వేసొచ్చిన ఇల్లు. బయల్దేరే ముందు హాల్లో కెమెరా ఒకటి బిగించి వచ్చాడు. కారవాన్‌లో బల్ల మీద టాబ్లెట్ నిలబెట్టుకుని, పొద్దస్తమానం ఆ ఖాళీ హాలు చూస్తూ కూర్చున్నాడు. గోడ గడియారం చప్పుడు కూడా వినబడుతోందని మురిసిపోయాడు. తెరలో సోఫా కదల్లేదు, తెర ముందు ఈయనా కదల్లేదు.

"సీల్ జంతువులు ఒడ్డుకొచ్చాయట. పడవలో తీసుకెళ్లి చూపిస్తారట. లే, పోదాం," అంది నోరీన్.

"నువ్వెళ్లు. ఆ కర్టెన్ చూడు, ఇందాక ఇంకాస్త మూసి లేదూ?"

"గాలికి కదిలుంటుంది."

"కిటికీలన్నీ నేనే మూశాను. గాలెక్కణ్ణుంచి వస్తుంది?"

"దొంగలు మాత్రం ఎందుకొస్తారు? ఏముందని ఆ కొంపలో? గుర్రుగుర్రుమనే ఫ్రిజ్జు, నీ చేపల గాలాలు!"

"నీకేం తెలుసు! ఊళ్లో లేరని తెలిస్తే ఊడ్చుకుపోతారు."

నోరీన్ ఒంటరిగా వెళ్లి సీళ్లని చూసొచ్చింది. వచ్చి, పిల్ల సీలు ఒకటి తల్లి వెనకాల ఎలా దేకిందో చెప్పబోయింది. "ఉష్," అన్నాడు ట్రెవర్. ఇంట్లో ఏదో చప్పుడైందట. ఏమీ కాలేదు, పక్కింటి తలుపు.

మూడో రోజు వాన. కిటికీ తీస్తే చెత్త కంపు, మూస్తే ఉక్క. నోరీన్ వెళ్లి అతని ఎదురుగా కూర్చుంది.

"ఒక్క మాట విను. మన ఇంట్లో నువ్వు నాతో మాట్లాడటం ఎప్పుడో మానేశావు. ఇక్కడికొస్తే ఈ వారమైనా మనిషిలా నాతో నాలుగు మాటలు మాట్లాడతావని ఆశపడ్డాను. ఇదే ఆఖరి ఆశ. ఇదీ పోతే నాకింక నీతో పనిలేదు, తెలుస్తోందా?"

"తెలుస్తోంది, తెలుస్తోంది. కాస్త పక్కకి జరుగు, కనబడట్లేదు."

ఆవిడ జరిగింది. అతని మొహంలోకి ఓ నిమిషం చూసింది. అతను ఆ సంగతి గమనించనేలేదు.

మర్నాడు పొద్దున్నే నోరీన్ కోటు తొడుక్కుని గుమ్మంలో నిలబడింది.

"నేను వెళ్తున్నా ట్రెవర్."

"ఊఁ. వచ్చేటప్పుడు పాలు పట్రా."

మధ్యాహ్నమైంది. పాలు రాలేదు. ఎక్కడ కబుర్లేసుకు కూర్చుందో మహాతల్లి అని తిట్టుకుంటూ పాలులేని టీ తాగాడు. సాయంత్రానికి తెర మీద బొమ్మ ఆగిపోయింది. టాబ్లెట్ చంకన పెట్టుకుని ఆఫీసు గదికి పరుగెత్తాడు.

"రోజంతా వస్తుందన్నావు! చీకటి పడకముందే చచ్చిందేం?"

"పొద్దుటి నుంచీ వీడియో నడిపితే చావదా మరి?" అంది గ్వెన్. "ఇంతకీ ఏం సినిమా చూస్తున్నారేమిటి అంతగా?"

"సినిమా కాదు, మా ఇల్లు."

"ఇల్లా!" గ్వెన్ పకపకా నవ్వింది. "ఇల్లు చూడ్డానికి ఇంత దూరం రావాలా అయ్యా? ఇంట్లో కూర్చుని ఉంటే ఊరికే కనబడేది కదా!"

"నీ వేళాకోళం తర్వాత. ముందు ఇంకో చీటీ ఇవ్వు."

అక్కడే నిలబడి నంబరు కొట్టాడు. బొమ్మ ముక్కలు ముక్కలుగా వచ్చింది. వచ్చీ రాగానే ట్రెవర్ కేక పెట్టాడు.

"దొంగ! మా ఇంట్లో దొంగ! పోలీసులకి ఫోన్ చెయ్యి తల్లీ!"

గ్వెన్ నవ్వు ఎగిరిపోయింది. గబగబా ఫోనందుకుని అతను చెప్పిన చిరునామా అప్పజెప్పింది.

"ఆడా మగా అని అడుగుతున్నారు."

"ఆడదానిలానే ఉంది. వెనక్కి తిరిగుంది, తల మీద వాన టోపీ. అదిగో, మెట్ల కింద అర తీసింది! నా పెద్ద సూట్‌కేసు లాగుతోంది! ఆ అర గడియ ఎక్కడుంటుందో దీనికెలా తెలిసింది?"

"తలుపు పగలగొట్టిందా అంటున్నారు."

"లేదు, తలుపు బాగానే ఉంది. చూశావా, నేను చెబుతూనే ఉన్నాను, నోరీన్ వింటేనా! ఒక్క క్షణం కన్ను పక్కకి తిప్పాను, అంతే, దూరిపోయింది!"

"మొహం కనబడితే పోలికలు చెప్పమంటున్నారు."

"తిరుగుతోంది, తిరుగుతోంది! కెమెరా దగ్గరికే వస్తోంది. కుర్చీ ఎక్కుతోంది. ఆగు, టోపీ తీస్తోంది…"

"ఇప్పటికి నన్ను చూస్తున్నావన్నమాట," అంది తెరలోంచి నోరీన్, వైరు పీకేస్తూ.